తెరచాప పడవలో పనికి సిద్ధం కావాలంటే: మైపాడు సముద్రమా, హుస్సేన్ సాగరా?

మార్చిలో ఆరుగురు స్నేహితులం కలిసి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ నుంచి ఆరు రోజులు తెరచాప పడవలో తిరిగొచ్చాం. నలభై అడుగుల పడవ. దాన్ని నడిపే కెప్టెన్ ఒక్కరే అద్దె మనిషి. తాళ్ళు లాగడం, చుక్కాని పట్టడం, లంగరు వేయడం, వంట, అంట్లు అన్నీ మావే. ప్యాసింజర్లుగా కాదు, పనివాళ్ళుగా ఎక్కాలని ముందే చెప్పారు. మాలో ఒక్కరికీ తెరచాప ముట్టుకున్న అనుభవం లేదు.

నెల్లూరులో ఉంటూ దీనికి సిద్ధమయ్యే దారులు నాకు రెండు కనిపించాయి. ఒకటి, పాతిక కిలోమీటర్ల దూరంలోని మైపాడులో తెలిసిన మత్స్యకారుల బోటులో సముద్రం మీదికి వెళ్ళడం. రెండోది, రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళి హుస్సేన్ సాగర్ క్లబ్బుల్లో చిన్న పడవ మీద నేర్చుకోవడం. రెండూ చేశాను. ఏది ఎందుకు పనికొచ్చిందో చెబుతాను.

సంక్రాంతి వెళ్ళాక ఒక తెల్లవారుజామున మైపాడులో బోటెక్కాను. ఒడ్డున అలలు విరిగే చోటు దాటేదాకా అందరూ నీళ్ళలో దిగి బోటును నెట్టారు. దాటాక ఇంజన్ ఆపి వల వేయడం మొదలైంది. అప్పుడు మొదలైంది నా బాధ. బోటు పోతున్నంతసేపూ బాగానే ఉన్నాను. ఆగిపోయి పక్కకి ఊగడం మొదలయ్యేసరికి, డీజిల్ వాసన, ఐసు పెట్టెలోంచి వచ్చే చేపల వాసన, నోట్లో నీళ్ళూరడం. నేను తలదించి కూర్చుంటే బోటులోని పెద్దాయన నా గడ్డం పట్టి పైకెత్తాడు. "అబ్బయా, లోపలికి చూడబాక. అదిగో, ఆ తాటిచెట్ల మీద చూపు పెట్టు" అన్నాడు. ఒడ్డు మీద సన్నగా గీతలాగా కనిపించే చెట్లనే చూస్తూ కూర్చున్నాను. పావుగంటకి కడుపు సర్దుకుంది. శరీరం ఊగుతున్నా కళ్ళకి కదలని గీత ఒకటి దొరకాలి. చెవి లోపల ఒంటి నిలకడని పసిగట్టే భాగం చెప్పేదీ కళ్ళు చెప్పేదీ ఒకటైతే వాంతి తగ్గుతుంది. ఈ సంగతి చదివి తెలుసుకోవడం వేరు, నాలుగు గంటలు ఊగి తెలుసుకోవడం వేరు. నాకు వాంతులొస్తాయని ముందే తెలిసింది కాబట్టి డాక్టర్ని అడిగి మాత్ర తెచ్చుకున్నాను, ఎంత మత్తుగా ఉంటుందో ఇంట్లోనే ఒకసారి వేసుకుని చూశాను. అది కూడా పడవెక్కే ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక కడుపులో నిలవదు. ఫుకెట్‌లో మా గుంపులో ఇద్దరు మొదటి రోజంతా పడుకునే ఉన్నారు, పాపం.

అయితే మైపాడు బోట్లకి తెరచాప లేదు. అవన్నీ ఫైబర్ బోట్లు, ఇంజన్లతో నడిచేవి. సముద్రం తెలుస్తుంది, గాలి తెలియదు.

గాలిని హుస్సేన్ సాగర్ నేర్పింది. ఒక్కరు కూర్చునే చిన్న పడవ, ఒకే తెరచాప, చేతిలో ఒక తాడు, వెనక చుక్కాని. గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవకీ నేరుగా పోవడం కుదరదు. సుమారు 45 డిగ్రీలు అటు, మళ్ళీ ఇటు, వంకర్లు తిరుగుతూ గాలి వచ్చే వైపుకి పోవాలి. నోటితో చెబితే నాకు ఎక్కలేదు. పడవ ముక్కు గాలిలోకి తిరిగి తెరచాప టపటపా కొట్టుకుని, పడవ చచ్చినట్టు ఆగిపోయిన మూడోసారి ఎక్కింది. ముక్కుని గాలి దాటించి తిప్పితే ట్యాక్, వెనక భాగాన్ని దాటించి తిప్పితే జైబ్. జైబ్‌లో తెరచాప కింద కట్టిన బూమ్ అనే కడ్డీ ఒక్కసారిగా ఇటునుంచి అటు వస్తుంది. తల వంచకపోతే అంతే. నా నెత్తికి తగిలింది చిన్న పడవ బూమ్ కాబట్టి బొప్పితో పోయింది. ఫుకెట్‌లో కెప్టెన్ "జైబ్" అని అరిచినప్పుడల్లా నా తల దానంతటదే వంగేది.

పడవ తిరగబడటం కూడా అక్కడే నేర్పారు. తిరగబడితే ఒడ్డుకి ఈదకూడదు, పడవని వదలకూడదు. అడుగున ఉండే పలక మీద నిలబడి బరువు వేస్తే పడవ లేస్తుంది. రెండుసార్లు కావాలనే పడేశాం. ఆ నీళ్ళలో పడటం ఏమంత బాగుండదు కానీ భయం మాత్రం పోయింది.

హుస్సేన్ సాగర్‌లో దొరకనిది బరువు. చిన్న పడవ తాడు వేళ్ళతో లాగొచ్చు. నలభై అడుగుల పడవలో అదే తాడుకి మనిషిని ఈడ్చేసే బలం ఉంటుంది. తాడుని వించ్ (తాడు చుట్టి బిగించే డ్రమ్ము) చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు మూడు నాలుగు చుట్లు వేసి, వేళ్ళు దూరంగా పెట్టి లాగాలి. చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోకూడదు. మైపాడులో వల తాడు లాగిన అనుభవం ఇక్కడ పనికొచ్చింది. తాడు చేతికి చుట్టుకోవద్దని ఆ మత్స్యకారులూ చెప్పారు.

రెండు రోజులే సెలవు దొరికితే? నేనైతే హైదరాబాదే అంటాను. కడుపు సంగతికి మాత్ర ఉంది, కెప్టెన్ చెప్పే మాట అర్థం కాకపోతే దానికి మాత్ర లేదు. మీ గుంపులో ఒక్కరికైనా గాలి ఎటునుంచి వస్తోందో మెడ మీద తెలియాలి. కానీ కారులో ఘాట్ రోడ్డెక్కితేనే తల తిరిగేవాళ్ళు ముందు మైపాడు చూసుకోవడం మేలు. ఈత రానివాళ్ళు ఈ రెండిటికన్నా ముందు ఈత నేర్చుకోండి, లైఫ్ జాకెట్ ఉందని ఊరుకోకండి.

తాళ్ళకి వేసే ముడులు మాత్రం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మంచంకోడుకి పంచె ఆరేసే తాడుతో బౌలైన్ ముడి వేస్తూ కూర్చున్నాను. అది ఎంత లాగినా జారదు, విప్పాలంటే సులువుగా వస్తుంది. కళ్ళు మూసుకుని కట్టగలిగేదాకా వేయండి, రాత్రి చీకట్లో కట్టాల్సి రావచ్చు. సూట్‌కేస్ వద్దు, మడతపెట్టి దాచే గుడ్డ సంచి చాలు. పడవలో సూట్‌కేస్‌కి చోటుండదు.

మైపాడు వెళ్ళేవాళ్ళు బాగా తెలిసిన మనిషి ద్వారానే వెళ్ళండి, లైఫ్ జాకెట్ మీరే తీసుకెళ్ళండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, అప్పుడు వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెట్టుకోండి.