గంటస్తంభం దగ్గర దొరికే గ్రాఫు షీట్లు: సరళరేఖకు పనికొస్తాయా?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల పుస్తకాల షాపుల్లో గ్రాఫు కాగితం రెండు రకాలుగా దొరుకుతోంది: విడి షీట్లు, కుట్టిన గ్రాఫు పుస్తకం. తొమ్మిది, పది తరగతుల సరళరేఖ లెక్కలకైతే విడి షీట్లే కొనండి. పుస్తకంలో కుట్టు దగ్గర కాగితం ఉబ్బి స్కేలు సరిగ్గా ఆనదు. వై అక్షం వేసేది ఆ పక్కనే కాబట్టి గీత మొదట్లోనే వంకర పోతుంది.

విడి షీట్లు కూడా అన్నీ ఒక్కలా ఉండవు. డబ్బులిచ్చే ముందే స్కేలు పెట్టి చూడండి. అడ్డంగా 10 పెద్ద గళ్లు సరిగ్గా 10 సెంటీమీటర్లు రావాలి, నిలువుగానూ అంతే. ఒక కట్టలో నిలువు సరిపోయింది, అడ్డం మాత్రం 9.8 దగ్గరే ఆగింది. గళ్లు లెక్కపెట్టి బిందువులు పెట్టేవాళ్లకు దీంతో నష్టం లేదు. స్కేలుతో కొలిచి పెడితే పదో గడి దగ్గర రెండు చిన్న గళ్ల (2 మిల్లీమీటర్ల) తేడా వచ్చేస్తుంది. గళ్లు లెక్కపెట్టి గీసినా, 45 డిగ్రీలు ఉండాల్సిన గీతను ప్రొట్రాక్టరుతో కొలిస్తే 45న్నర దాటుతుంది.

షీటు పనితనం తెలియాలంటే ఈ లెక్క వేసి చూడండి. మోటారు వేసిన 2 నిమిషాలకు ట్యాంకులో 50 లీటర్లు, 6 నిమిషాలకు 130 లీటర్లు ఉన్నాయి. వాలు అంటే పెరిగిన 80 లీటర్లను పట్టిన 4 నిమిషాలతో భాగిస్తే వచ్చే 20. 50లోంచి మొదటి 2 నిమిషాల రెండు ఇరవైలు తీసేస్తే 10, అదే వై అంతరఖండం, అంటే గీత వై అక్షాన్ని తాకే చోటు. మోటారు వేయకముందు ట్యాంకులో ఉన్న నీళ్లన్నమాట. ఎక్స్ నిమిషాలు, వై లీటర్లు అనుకుంటే సమీకరణం వై = 20ఎక్స్ + 10.

అడ్డంగా 1 సెంటీమీటరుకు 1 నిమిషం, నిలువుగా 1 సెంటీమీటరుకు 20 లీటర్లు తీసుకోండి. ఒక చిన్న గడి 2 లీటర్లు. 50 లీటర్లు 25వ చిన్న గీత మీద, 130 లీటర్లు 65వ గీత మీద పడతాయి. రెండు బిందువులతోనే గీత వస్తుంది గానీ మూడోది కూడా పెట్టండి: 4 నిమిషాలకు 90, అంటే 45వ చిన్న గీత. అది గీత మీద పడకపోతే తప్పు లెక్కలోనో, బిందువు పెట్టడంలోనో ఉంటుంది; పెన్సిలుతో సర్దేయకండి.

పిల్లలు ఎక్కువగా పడేది ఇక్కడే. కాగితం మీద ఈ గీత 45 డిగ్రీలు ఉంటుంది, దాన్ని చూసి వాలు 1 అని రాసేస్తారు. రెండు అక్షాలకూ ఒకే స్కేలు (ఒక సెంటీమీటరుకు ఎంత అన్న లెక్క) ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. అందుకే ఈ స్కేలు షీటు పైన కుడివైపు రాసి తీరాలి. ఈ షీట్లలో అంచు మరీ ఇరుకు, అక్షరాలు గళ్లలోకి దిగిపోతున్నాయి.

రంగుల్లో లేత ఆకుపచ్చ మేలు. ముదురు గోధుమ రంగు గళ్ల మీద పెన్సిలు గీత కనపడక లావుగా దిద్దుతారు. గీత అర మిల్లీమీటరు మందం అయిందంటే చిన్న గడిలో సగం దానికే సరి. కాగితం పలచన, రెండోసారి రబ్బరు రుద్దితే గళ్లు కూడా లేచిపోతున్నాయి.