స్టిర్లింగ్ పెళ్లికి కిల్ట్, బెల్టు, స్పోరన్: ఎక్కడ ఉన్నాం, ఎక్కడ తీసుకున్నాం

మా అక్క కొడుకు పెళ్లి స్కాట్లండ్‌లో, స్టిర్లింగ్ దగ్గర జరిగింది. అమ్మాయిది ఆ ఊరే. "మావయ్యా, శుక్రవారం మన పద్ధతిలో తంతు. దానికి అమ్మాయి వాళ్ల నాన్న పంచె కట్టుకుంటానన్నారు. శనివారం వాళ్ల పద్ధతిలో. దానికి నువ్వూ నాన్నా కిల్ట్ వేసుకోవాలి" అని వాడు మార్చిలోనే ఫోన్ చేశాడు. కిల్ట్ అంటే అక్కడి మగవాళ్లు నడుము నుంచి మోకాళ్ల దాకా చుట్టుకునే, వెనక కుచ్చిళ్లున్న గళ్ల బట్ట. స్పోరన్ అంటే దాని ముందు వేలాడే సంచి. అంత మర్యాదగా ఆయన పంచెకు ఒప్పుకున్నాక మేం ఏదో ఒకటి చుట్టుకుని వెళ్తే ఏం బాగుంటుంది? వేసుకుంటే సరిగ్గా వేసుకోవాలని నేనూ బావా గట్టిగా అనుకున్నాం. జూన్‌లో ఆరు రోజులు వెళ్లొచ్చాం. మూడు రాత్రులు ఎడిన్‌బరోలో, మూడు రాత్రులు స్టిర్లింగ్‌లో ఉన్నాం.

ఎడిన్‌బరోలో దిగింది ఓల్డ్ టౌన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో. రాయల్ మైల్ అనే పెద్ద వీధి పక్క సందే, కోటకు నడిచి వెళ్లొచ్చు. కానీ నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెలికలు తిరిగిన రాతి మెట్లు. అక్కకు మోకాళ్ల నొప్పులు, రోజుకు ఒక్కసారి మాత్రమే దిగి ఎక్కేది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు న్యూవింగ్టన్ వైపు గెస్ట్‌హౌస్ చూసుకోవడం మంచిది. బస్సులు బాగా ఉంటాయి, పొద్దున టిఫిన్ కూడా వాళ్లే పెడతారు. ఆగస్టులో మాత్రం పండగల సీజన్ కాబట్టి ఎక్కడైనా గది అద్దె మండిపోతుంది. ఎయిర్‌పోర్టు నుంచి ట్రామ్ సుఖంగా ఉంది. టికెట్ ఎక్కకముందే కొనాలి. ఎయిర్‌పోర్టు స్టాపు నుంచి ధర బాగా ఎక్కువ, ఊళ్లో తిరిగితే తక్కువ.

ఇక అసలు సంగతి. అద్దె కిల్ట్‌లు ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. కొలతలు పంపాను, ముప్పై పౌండ్లు అడ్వాన్సు కట్టాను. వెళ్లి వేసుకుని చూస్తే నాది వదులు. నా నడుము 40 అంగుళాలైతే వాళ్లు పెట్టింది 43 దాకా ఉంది. పక్క పట్టీలు చివరి రంధ్రం దాకా లాగినా రెండు వేళ్లు దూరేంత సందు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు చూసి, "బెల్టు గట్టిగా బిగించుకోండి, నిలబడుతుంది" అన్నాడు. పెళ్లికి మూడు రోజులే ఉంది. నాకు టెన్షన్ పట్టుకుంది.

ఆ మాట తప్పు అని మర్నాడు ఇంకో చిన్న దుకాణంలో ఒక పెద్దావిడ చెప్పాక తెలిసింది. కిల్ట్‌ను బెల్టు పట్టుకోదు. దాన్ని పట్టుకునేవి తోలు పట్టీలే. ఒక పట్టీ నడుముపట్టీలోని చీలిక గుండా ఎడమవైపుకు వచ్చి బిగుస్తుంది, పైమడత కుడివైపు పట్టీలతో బిగుస్తుంది. వెనక కుచ్చిళ్లు కుట్టేసి ఉంటాయి కాబట్టి వదులుగా ఉన్నదాన్ని బెల్టుతో నొక్కితే కుచ్చిళ్లన్నీ ఒకచోట పోగుపడి వెనక ఉబ్బుతుంది. ఆవిడ నా చొక్కా మీద నుంచే బొడ్డు ఎత్తున టేపు చుట్టి కొలిచింది. ప్యాంటు కట్టుకునే చోటు లెక్కలోకి రాదు, కిల్ట్ అంతకన్నా పైన నిలబడాలి. అంచు మోకాలి చిప్ప మధ్యకు రావాలి. నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అంచు నేలకు కొంచెం పైన ఆగిందో లేదో వంగి మరీ చూసింది. బట్ట 16 ఔన్సుల ఊలు. దీనికన్నా పలచన 13 ఔన్సులది కూడా ఉంది గానీ, బరువుదే ఒంటి మీద చక్కగా వేలాడింది. ఒక్కొక్కరికి అరగంట పైగా కేటాయించింది. మొదటిచోట అడ్వాన్సు వదిలేసుకుని అక్కడే ఇద్దరికీ తీసుకున్నాం. మనిషికి ఎనభై అయిదు పౌండ్లు, అన్నీ కలిపి. నా లెక్కలో ఆ అరగంటకే ఆ డబ్బు.

మరి బెల్టు దేనికి? చాలావరకు అందానికే. రెండుంపావు అంగుళాల వెడల్పు తోలు పట్టీ, ముందు పెద్ద లోహపు బకిల్. మామూలు బెల్టులా రంధ్రాలు ఉండాలని లేదు, చాలావాటికి లోపల వెల్క్రో ఉంటుంది. వెనక కిల్ట్‌కు కుట్టిన లూపుల్లోంచి దూర్చి ముందు బకిల్ సరిగ్గా మధ్యకు తేవాలి. వెయిస్ట్‌కోటు, అంటే చేతుల్లేని పొట్టి కోటు, వేసుకుంటే బెల్టు పెట్టరన్నది పాత పద్ధతి. ఈ కాలం కుర్రాళ్లు రెండూ కలిపి వేసుకోవడం చూశాను. నాకు మాత్రం పాత పద్ధతే నచ్చింది. వెయిస్ట్‌కోటు కింద ఆ బకిల్ పొట్ట మీద ఎత్తుగా పొడుచుకొస్తుంది. తోలు నలుపైతే బెల్టూ, స్పోరన్ పట్టీ, బూట్లూ అన్నీ నలుపే. గోధుమరంగైతే అన్నీ అదే. బకిల్ వెండిరంగైతే కిల్ట్‌కు గుచ్చే పిన్నూ అదే రంగు.

రాయల్ మైల్ మీద కిల్ట్ దుకాణాలు అడుగడుక్కీ ఉన్నాయి. వాకిట్లో వేలాడే చవక సెట్లు పట్టుకుని చూశాను. పల్చటి పాలిస్టర్, బెల్టు మీద తోలు పొర మడతపెడితే చిట్లేలా ఉంది. ఫొటోకు సరే, పెళ్లికి వద్దు. కొలిచి కుట్టించుకోవాలంటే ఎడిన్‌బరో రేవు ప్రాంతమైన లీత్‌లో ఉన్న కిన్‌లాక్ ఆండర్సన్ లాంటి, 1868లో మొదలైన పాత సంస్థలున్నాయి. కానీ నిండైన కిల్ట్‌కు దాదాపు ఎనిమిది గజాల బట్ట పడుతుంది, చేత్తో కుట్టాలి. వారాల ముందు చెప్పుకోవాలి.

స్టిర్లింగ్‌కు రైల్లో యాభై నిమిషాలు. గెస్ట్‌హౌస్ కింది అంతస్తులో గది దొరికింది, అక్క హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇస్త్రీపెట్టె అడగ్గానే ఇచ్చారు. అక్కడ తప్పక చూడాల్సింది కోటలోని ఆర్గైల్ అండ్ సదర్లండ్ హైలాండర్స్ అనే బ్రిటిష్ సైనిక రెజిమెంట్ మ్యూజియం. ఆ రెజిమెంట్ స్పోరన్‌లు అద్దాల వెనక ఉన్నాయి. సిపాయిలవి ఆరు కుచ్చులు వేలాడేవి, అధికారులవి బ్యాడ్జర్ అనే జంతువు తలతో చేసినవి. ఆ అద్దాల ముందు చాలాసేపు నిలబడ్డాను. 1857 నవంబరులో లక్నో సికందర్‌బాగ్ మీద పడ్డ 93వ హైలాండర్స్ ఈ రెజిమెంట్‌లో కలిసిన దళమే. మన నేల మీద రక్తం పారించినవాళ్ల బట్టలు చూస్తూ, మర్నాడు మన పిల్లవాడి పెళ్లికి అలాంటివే వేసుకోబోతున్నానన్నది మనసులో మెదిలింది. ఆ బట్టను వాళ్ల రాజ్యమే ఒకప్పుడు నిషేధించింది. 1746లో స్కాట్లండ్ తిరుగుబాటుదారులు ఓడిపోయిన కల్లోడెన్ యుద్ధం తర్వాత తెచ్చిన చట్టం 1782 దాకా ఉంది. రెండూ తెలిసి వేసుకోవడమే మంచిదనిపించింది.

శుక్రవారం పొద్దున వియ్యంకుడుగారికి నేనే పంచె కట్టాను. కుచ్చిళ్లు పట్టి రొంటిన దోపాక ఆయన, "ఇది ఊడదా?" అని రెండుసార్లు అడిగారు. శనివారం నా వంతు. ఆయన గదికొచ్చి నా ముందు కుర్చీ లాక్కుని కూర్చుని స్పోరన్ సరిచేశారు. కిల్ట్‌కు జేబులుండవు, ఫోనూ డబ్బులూ అందులోనే. దాని గొలుసు పట్టీని వెనక లూపుల్లోంచి తెచ్చి ముందు రెండు వలయాలకు తగిలించాలి. నాది తొడల మధ్యకు జారి ఉంది. ఆయన నా వెయిస్ట్‌కోటు అంచు కింద తన నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, స్పోరన్ పై అంచు చిటికెనవేలికి తగిలేదాకా పట్టీని ఒక్కో రంధ్రం ఎత్తారు. మా తాత పంచె మీద జేబున్న తోలు బెల్టు కట్టి, చుట్టలూ చిల్లరా అందులోనే పెట్టేవాడు. అది చెబితే ఆయన కళ్లు మెరిశాయి.

మిగతావి త్వరగా చెబుతాను. కిల్ట్ పిన్ను పైమడతకు మాత్రమే గుచ్చాలి, రెండు మడతలకూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు బట్ట లాగి చిరుగుతుంది. ఊలు మేజోళ్లు మోకాలి చిప్పకు మూడు వేళ్ల కింద మడవాలి, అవి జారకుండా కట్టే పట్టీల రిబ్బన్ తోకలు కాలి బయటివైపు కనపడాలి. గిల్లీ బ్రోగ్స్ అనే బూట్లకు నాలుక ఉండదు. పొడుగు తాళ్లను చీలమండ పైన చుట్టి కట్టాలి, మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. కుడి మేజోడులో పెట్టే చిన్న కత్తి, స్కీయన్ డూ, మాకిచ్చినది పిడి మాత్రమే, బ్లేడు లేదు. జాతీయ వేషంలో భాగంగా అసలుది పెట్టుకోవడానికి అక్కడి చట్టంలో వీలుంది. కొనుక్కుంటే మాత్రం విమానంలో చెక్‌ఇన్ సామానులోనే పెట్టాలి.

రాత్రి కేలీ, అంటే అందరూ కలిసి చేసే నాట్యం. వెయిస్ట్‌కోట్లు తీసేసి బెల్టులు పెట్టుకున్నాం. మొదటి చుట్టులోనే స్పోరన్ ఎగిరి తొడ మీద టపటపా కొట్టింది. వియ్యంకుడుగారు చెయ్యి చాపి దాన్ని నా తుంటి మీదికి తిప్పారు. అప్పుడు చూస్తే హాల్లో మగవాళ్లందరివీ పక్కకే ఉన్నాయి. బావ మాత్రం ఆపకుండా గంటన్నర ఆడాడు.

సోమవారం పొద్దున ఎడిన్‌బరోలో బట్టల సంచి తిరిగిచ్చాం. పెద్దావిడ ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి, మేజోళ్లూ రిబ్బన్లూ కూడా లెక్కపెట్టి రసీదు ఇచ్చింది. నల్లతోలు బెల్టు ఒకటి ఆవిడ దగ్గరే కొన్నాను, నలభై అయిదు పౌండ్లు. పర్యాటకులకు ఎయిర్‌పోర్టులో పన్ను వెనక్కిచ్చే పద్ధతి 2021 నుంచి అక్కడ లేదు, ఇచ్చింది ఇచ్చినట్టే. వియ్యంకుడుగారు మా కండువా ఒకటి ఉంచుకున్నారు.