ట్రక్కు లాగే గన్నా, తనే నడిచే గన్నా: ఏది మేలు?

మా శ్రీకాకుళం వైపు ఊరికి ఇద్దరు ముగ్గురు ఫౌజీలైనా ఉంటారు, తెల్లారకుండానే రోడ్డెక్కి రన్నింగ్ చేసే గుంటలకైతే లెక్కే లేదు. వాళ్ల ఫోన్లలో ఇప్పుడు కె9 వజ్ర అనే ఫిరంగి బండి వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ట్యాంకులా ట్రాకుల మీద పరిగెత్తి, ఆగి, కాల్చి, మళ్లీ మాయమైపోయే బండి ఉండగా, ట్రక్కు వెనకాల తగిలించి లాక్కెళ్లే గన్లని ఆర్మీ ఇంకా ఎందుకు కొంటోందని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే 2024 డిసెంబర్‌లో మరో 100 కె9లకి సంతకం పెట్టిన రక్షణ శాఖే, 2025 మార్చిలో 307 అటాగ్స్ గన్లకీ పెట్టింది. ఈ అటాగ్స్ లాగే రకం.

లాగే గన్ మీద ఉన్న అసలు ఫిర్యాదు అది పేలాక మొదలవుతుంది. గోళం ఇంకా గాల్లో ఉండగానే అవతలివాడి రాడార్ దాని దారి పట్టుకుని, వెనక్కి లెక్కగట్టి, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేస్తుంది. మన స్వాతి రాడార్ చేసేదీ ఈ పనే. ఆ తర్వాత మీ నెత్తిన గోళాలు పడటానికి కొన్ని నిమిషాలు చాలు. కె9 అయితే 15 సెకన్లలో 3 గోళాలు వదిలి, ఉక్కు గోడల లోపల కూర్చున్న 5 మందితో సహా జారుకుంటుంది. లాగే గన్‌కి కాళ్లు మడవాలి, గన్ వెనక్కి జారకుండా నేలలో దిగబడ్డ స్పేడ్లు పీకాలి, ట్రక్కు వెనక్కి రావాలి, కొక్కెం తగిలించాలి. బాగా చేయి తిరిగినవాళ్లు ఎం777ని (ఇది తేలికైన లాగే గన్) చాలా తొందరగానే సర్దేస్తారు, కాని అర్ధరాత్రి, బురదలో, పైన ఏదో గుయ్యిమంటుంటే అదే పని ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. పైగా ఆ మనుషులంతా ఆరుబయటే ఉంటారు.

యుక్రెయిన్‌లో ఇదంతా కళ్లారా చూశాం. 2022 నుంచి అక్కడికి వెళ్లిన ఎం777ల్లో చాలా గన్లు రష్యా ఎదురు కాల్పులకీ, వచ్చి గుద్దుకుని పేలే లాన్సెట్ డ్రోన్లకీ దొరికిపోయాయి. 2024లో అమెరికా ఆర్మీ ఫ్యూచర్స్ కమాండ్ అధిపతి జనరల్ జేమ్స్ రెయినీ లాగే గన్ల కాలం చెల్లిందనే అన్నారు.

ఇక్కడితో ఆపేస్తే కె9 గెలిచినట్టే. కాని డ్రోన్లు ఇరవైనాలుగు గంటలూ నెత్తి మీద తిరగడం మొదలయ్యాక అదే యుక్రెయిన్‌లో కథ కొంచెం తిరగబడింది. అక్కడ కదిలేదే ముందు కంటపడుతుంది. 47 టన్నుల బండి, వేడెక్కిన ఇంజను, లేచే దుమ్ము, పొలంలో పడే ట్రాకు గుర్తులు, వీటిని దాచడం కష్టం. చెట్ల వరసలో గొయ్యి తవ్వి, వల కప్పి, కదలకుండా పడి ఉన్న లాగే గన్ అంత సులువుగా దొరకదు. యుక్రెయిన్ వాళ్లు ట్రక్కు మీద బిగించిన సొంత గన్ బొహ్దానాకి తర్వాత లాగే రకం కూడా తయారుచేసుకున్నారంటే ఊరికే కాదు. ఆర్టిలరీలో చేసి రిటైరైన మా చిన్నాన్న ఈ మాట విని నవ్వారు. "కాల్చడం ఏముందిరా, గొయ్యి తవ్వడమే మా ఉద్యోగం" అన్నారు.

డబ్బు సంగతి చూస్తే నోరు తెరుచుకుంటుంది. 100 కె9లకి 7,629 కోట్లు. 307 అటాగ్స్‌కీ, వాటిని లాగే 327 బళ్లకీ కలిపి దాదాపు 6,900 కోట్లు. రెండు ఒప్పందాల్లో ఉన్నవన్నీ ఒకటే కాదు కాబట్టి పైసలతో సహా పోల్చలేం, అయినా ఒక కె9 ధరకి మూడు అటాగ్స్ వస్తాయని అర్థమవుతుంది. రెండూ 155 మిల్లీమీటర్ల, 52 క్యాలిబర్ గన్లే, అంటే గోళం సైజూ, గొట్టం పొడవూ ఒకటే. ట్రక్కు చెడిపోతే ఇంకో ట్రక్కు కట్టుకోవచ్చు, కె9 ఇంజను పోతే గన్ కూడా మూల కూర్చుంటుంది.

కొండల్లో మాత్రం నాకు అనుమానమే లేదు. ఎం777 బరువు 4.2 టన్నులే, చినూక్ హెలికాప్టర్ దాన్ని కింద వేలాడదీసి రోడ్డు లేని శిఖరం మీద దింపేస్తుంది. అందుకే మనవాళ్లు 2016లో 145 కొన్నారు. కె9లు లడఖ్‌కీ వెళ్లాయి నిజమే, కాని లడఖ్‌లో విశాలమైన మైదానాలున్నాయి. అరుణాచల్ అలా కాదు. సాలూరు దాటాక ఒడిశా వైపు ఎక్కే ఘాట్‌లో ఒక లారీ అడ్డం పడితే ఎంతసేపు ఆగుతామో మనకి తెలుసు కదా, కొండమీద ఉన్నది ఒక్కటే రోడ్డైతే, కాల్చి జారుకోవడానికి ఎటు జారుకుంటారు? 1999 కార్గిల్‌లో పని చేసిన బోఫోర్స్ కూడా లాగే రకమే. దానికి ఓ చిన్న ఇంజను ఉంది, ట్రక్కు లేకుండా కొంచెం దూరం తనే కదలగలదు, అంతే.

(1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీదకి వచ్చినప్పుడు ఈ చర్చకే చోటు లేదు, కోటలోవాళ్ల దగ్గర వాటిని వెతికి కొట్టే సాధనం ఏముంది!)

ఎడారిలో, పంజాబ్ మైదానంలో ట్యాంకులతో పాటు పరిగెత్తాలంటే కె9 ఖర్చు దండగ కాదు. కొండలకి ఎం777. మిగతా సరిహద్దంతటికీ నన్నడిగితే మూడోదాని వైపే మొగ్గుతాను, అంటే చక్రాల ట్రక్కు మీద గన్ బిగించిన రకం. ఫ్రాన్స్ సీజర్, స్వీడన్ ఆర్చర్ అలాంటివే. 2023లో బ్రిటన్ తన పాత ట్రాకుల గన్ ఏఎస్90లని యుక్రెయిన్‌కి ఇచ్చి, ఆ ఖాళీలోకి ముందుగా 14 ఆర్చర్లు తెచ్చుకుంది. రోడ్డు మీద సొంతంగా వెళ్తుంది, ట్యాంకంత బరువు ఉండదు, కాల్చాక త్వరగా కదులుతుంది. కవచం తక్కువ, బురద పొలంలో ట్రాకుల బండి ముందు నిలవదు, ఆ లోటు ఒప్పుకోవాల్సిందే. మన డీఆర్‌డీఓ అటాగ్స్ గన్‌నే ఇలా ట్రక్కు మీదకి ఎక్కించింది. తర్వాతి ఆర్డరు దానికి పడితే నేను సంతోషిస్తాను, మా చిన్నాన్న మాత్రం ఇంకా బోఫోర్స్ పార్టీయే.