ఇటలీ రైళ్లు: అమ్మతో 12 రోజులు ప్రయాణించాక నా అభిప్రాయం

68 ఏళ్ల అమ్మతో రోమ్ నుంచి వెనిస్ దాకా వెళ్లాలని అనుకున్నప్పుడు, ఏ ఊళ్లు చూడాలన్న దానికంటే వాటి మధ్య ఎలా తిరగాలన్న దాని మీదే మా ఇద్దరికీ ఎక్కువ చర్చ జరిగింది. కారు అద్దెకు తీసుకుంటే నచ్చిన చోట ఆగవచ్చు, కానీ ఇటలీలోని పాత నగరాల నడిబొడ్డున చాలా వీధుల్లోకి అనుమతి లేని వాహనాలు రాకూడదు. కెమెరా నంబరు ప్లేటును పట్టుకుందంటే జరిమానా కాగితం ఎప్పుడో తీరిగ్గా ఇంటికి వస్తుంది. బృందయాత్రలో చేరితే ఏర్పాట్ల బెడద ఉండదు, అయితే అమ్మ ఎంతసేపు నడవాలో, ఎప్పుడు కూర్చోవాలో గైడు చేతి గడియారం నిర్ణయిస్తుంది. అందుకని ప్రయాణం మొత్తం రైళ్ల మీదే పెట్టుకున్నాము. మోకాళ్ల నొప్పి ఉన్న తల్లిని వెంటబెట్టుకుని వెళ్లే కూతురికి ఆ సేవ ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ సమీక్ష. నా తీర్పు ముందే చెబుతున్నాను: వేగపు రైళ్లు మమ్మల్ని చక్కగా ఊరు చేర్చాయి, కానీ అమ్మకు ఇటలీని చూపించినవి ప్రతి స్టేషన్లోనూ ఆగే రెజియోనాలే, అంటే ప్రాంతీయ రైళ్లు.

ఈ రెండు రకాల మధ్య తేడా తెలియకుండా టికెట్లు కొనకూడదు. వేగపు మార్గాల మీద ప్రభుత్వ రంగంలోని త్రెనితాలియా వారి ఫ్రెచ్చారోస్సా రైళ్లు, 2012లో మొదలైన ప్రైవేటు సంస్థ ఇటాలో రైళ్లు పోటీపడి నడుస్తాయి. రెండూ గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకుంటాయి, రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు సుమారు గంటన్నరలో చేరుస్తాయి. వీటిలో సీటు నంబరు టికెట్ మీదే ఉంటుంది, ధర మాత్రం విమాన టికెట్‌లాగా ముందుగా కొంటే తక్కువ, ఆలస్యమైతే ఎక్కువ. అన్నిటికంటే చవకైన టికెట్‌ను మార్చుకోవడానికి గానీ, డబ్బు వెనక్కి తీసుకోవడానికి గానీ సాధారణంగా వీలుండదు కాబట్టి, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు కొంచెం ఎక్కువ పెట్టి మార్పుకు అవకాశమున్న టికెట్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. 60 ఏళ్లు దాటినవారికి రెండు సంస్థలూ కొన్ని షరతులతో రాయితీ ఇస్తాయి. రెజియోనాలే రైళ్ల సంగతి వేరు. వాటి ధర దూరాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది, నెల ముందు కొన్నా బయలుదేరే ముందు కొన్నా ఒకటే. సీటు నంబరు ఉండదు, ఖాళీ ఉన్న చోట కూర్చోవడమే. కాగితం టికెట్ అయితే రైలు ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరుండే యంత్రంలో ముద్ర వేయించాలి. ఫోన్లో కొన్నదయితే ఆ రోజు చెక్-ఇన్ చేయాలి. ఇది మరిచిపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా తప్పదు.

మోకాళ్ల నొప్పి ఉన్నవారి కోసం ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే బయలుదేరే ముందు ఎవరూ దీనిని మాకు చెప్పలేదు. రోమ్ తెర్మినీ, ఫ్లోరెన్స్ శాంతా మరియా నొవెల్లా, వెనిస్ శాంతా లూచియా అనే మూడు పెద్ద స్టేషన్లలోనూ పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. ప్లాట్‌ఫారాలన్నీ ఒకే హాలులోకి వచ్చి కలుస్తాయి కాబట్టి, రైలు దిగాక ఒక్క మెట్టు ఎక్కకుండా, దిగకుండా ఏ ప్లాట్‌ఫారం నుంచి ఏ ప్లాట్‌ఫారానికైనా నడిచిపోవచ్చు. చిన్న ఊళ్లలో అలా కాదు. అక్కడ రైళ్లు స్టేషన్ గుండా సాగిపోతాయి, పక్క ప్లాట్‌ఫారానికి వెళ్లాలంటే పట్టాల కింద ఉన్న సొరంగ దారిలోకి మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. ఒక చిన్న స్టేషన్లో లిఫ్టు పనిచేయడం లేదని కాగితం అంటించి ఉండడంతో, రెండు పెట్టెలూ ఒకదాని తరువాత ఒకటి నేను మోసుకెళ్లి, మళ్లీ దిగి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించవలసి వచ్చింది. ఆ రోజు నుంచి, పెట్టెలను హోటల్లోనే ఉంచి చేతిసంచితో మాత్రమే చిన్న ఊళ్లకు వెళ్లాము. బొలోన్యా స్టేషన్లో వేగపు రైళ్లు భూమి కింద లోతుగా కట్టిన ప్లాట్‌ఫారాల మీద ఆగుతాయి. అక్కడ రైలు మారే ప్రణాళిక ఉంటే మధ్యలో చాలా సమయం పెట్టుకోవాలి, వీలైతే మారకుండా నేరుగా వెళ్లే రైలే ఎంచుకోవాలి.

పెద్ద స్టేషన్లలో ‘సాలా బ్లూ’ పేరుతో, నడవడం కష్టమైనవారికి ఉచితంగా సహాయం చేసే విభాగం ఉంది. ముందుగా చెబితే మనిషి వచ్చి రైలు దాకా తీసుకెళ్లి ఎక్కిస్తారు, చక్రాల కుర్చీ అవసరమైతే దానిని పైకెత్తే యంత్రం కూడా ఉంటుంది. అమ్మ మొదట ఒప్పుకోలేదు. “నేను నడవలేనని ఎవరన్నారు?” అని అడిగింది. తెర్మినీలో వేగపు రైలుకు ప్లాట్‌ఫారం నంబరు బయలుదేరడానికి కొద్ది నిమిషాల ముందు గానీ తెరమీద కనిపించదనీ, కనిపించగానే వందల మంది ఒకేసారి అటు నడుస్తారనీ, ఆ రద్దీలో తనను తొందరపెట్టడం నాకు ఇష్టం లేదనీ చెప్పాకే సరేనంది. వచ్చిన ఉద్యోగిని అమ్మ వేగానికి తగినట్టు నడుస్తూ, మా పెట్టెలను సీటు దగ్గరగా ఉన్న అరలో పెట్టించి, మేము కూర్చున్నాకే వెళ్లింది. ఈ సేవకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

రోమ్‌లో ఉండగానే ఒకరోజు ఓర్వియేతో అనే ఊరికి వెళ్లి వచ్చాము. తెర్మినీలో ఈ వైపు వెళ్లే రెజియోనాలే రైళ్లు కొన్ని ‘ఎస్ట్’, అంటే తూర్పు అని రాసి ఉన్న ప్లాట్‌ఫారాల నుంచి బయలుదేరుతాయి. అవి ప్రధాన హాలు నుంచి చాలా దూరం, మామూలు నడకకే పది నిమిషాలు పట్టవచ్చు. మేము అరగంట ముందు చేరడం వల్ల మధ్యలో ఆగి ఆగి నడవగలిగాము. రైలు గంటా పావు సేపు తీబెర్ నది లోయ వెంట సాగి, కోట గోడలా నిలువుగా లేచిన అగ్నిపర్వత శిల మీద ఊరంతా కూర్చున్న దృశ్యం కిటికీలోకి తెచ్చింది. అంత ఎత్తుకు ఎలా ఎక్కుతామని అమ్మ బెంగపడింది గానీ, స్టేషన్ ఎదురుగానే ఫునికోలారే ఉంది. తాడు లాగగా కొండ ఎక్కే ఈ బండి 1888లో నీటి బరువుతో నడిచేదట, మధ్యలో ఆగిపోయి 1990 నుంచి కరెంటుతో నడుస్తోంది. రెండు నిమిషాల్లో పైన ఉన్నాము. పై స్టేషన్ పక్కనే 16వ శతాబ్దంలో, రోమ్ నగరం సైనికుల దోపిడీకి గురైనప్పుడు ఇక్కడికి వచ్చి తలదాచుకున్న పోప్ 7వ క్లెమెంట్ తవ్వించిన సెయింట్ పాట్రిక్ బావి ఉంది. 53 మీటర్ల లోతు, 248 మెట్లు. నీళ్లు మోసే గాడిదలు ఎదురుపడకుండా దిగడానికి ఒక మెట్ల దారి, ఎక్కడానికి వేరొకటి, ఒకదానినొకటి చుట్టుకుంటూ వెళతాయి. నేను దిగాను, అమ్మ పైన బెంచీ మీద కూర్చుంది. బయటికి వచ్చేసరికి పక్కన కూర్చున్న ఇటలీ ముసలావిడతో, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాకపోయినా, మోకాళ్లు చూపించుకుంటూ మాట్లాడుతోంది.

ఫ్లోరెన్స్ నుంచి లుక్కాకు వెళ్లిన రోజే ఈ మొత్తం ప్రయాణంలో అమ్మకు అన్నిటికన్నా నచ్చింది. నిజానికి ఆ ప్రయాణం ఒకరోజు వాయిదా పడింది, మేము వెళ్లాలనుకున్న రోజున ‘షోపెరో’, అంటే సమ్మె ఉండడమే కారణం. ఇటలీలో రైల్వే సమ్మెలు ముందుగానే ప్రకటిస్తారు, పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు ప్రాంతీయ రైళ్లలో కొన్నింటిని తప్పనిసరిగా నడుపుతారు. ఉదయం వెళ్లి సాయంత్రం రావచ్చని నేను లెక్క వేశాను గానీ, తప్పిపోతే ఎక్కడ ఉంటామన్న ఆందోళనతో అమ్మ చూడదని మానుకున్నాము. మరునాడు ఎక్కిన రైలు ప్రాతో, పిస్తోయా, మొంతెకాతీనీ మీదుగా గంటన్నర లోపు లుక్కా చేర్చింది. పిస్తోయా దాటుతుండగా రెండు వైపులా వరుసలు వరుసలుగా మొక్కల తోటలు కనిపించాయి. ఆ ప్రాంతం అలంకరణ చెట్ల నర్సరీలకు యూరప్‌లోనే పేరుపడింది. మొక్కలంటే ప్రాణమైన అమ్మ కిటికీకి ముఖం ఆనించి, ఇది సరుగుడు కాదు సైప్రస్ అయి ఉంటుంది, అవి ఆలివ్‌లు, ఇన్ని నిమ్మ చెట్లు కుండీల్లో ఎలా బతుకుతున్నాయి అని తనలో తానే మాట్లాడుకుంటూ పోయింది. రైలు ప్రతి స్టేషన్లో ఆగిన కొద్దీ ఆమెకు చూడడానికి సమయం దొరికింది. లుక్కాలో స్టేషన్ పాత ఊరి గోడలకు ఆనుకునే ఉంటుంది, చుట్టూ నాలుగు కిలోమీటర్లకు పైగా సాగే ఆ గోడ మీద చెట్ల నీడలో చదునైన నడకదారి ఉంటుంది. మేము సగం చుట్టు నడిచి, మిగతా సగం బెంచీల మీద గడిపాము.

దీనికి పక్కన ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కు వేగపు రైల్లో వెళ్లిన రెండు గంటలను పెట్టి చూస్తే నా తీర్పు అర్థమవుతుంది. ఆ రైలులో లోపం చెప్పడానికి లేదు: సీట్లు వెడల్పుగా ఉన్నాయి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది, చెప్పిన సమయానికే బయలుదేరింది, ప్రకటనలు ఇటాలియన్‌తో పాటు ఇంగ్లీషులోనూ వచ్చాయి. కానీ 2009లో ప్రారంభమైన ఫ్లోరెన్స్–బొలోన్యా మార్గం పొడవు 78 కిలోమీటర్లయితే అందులో 73 కిలోమీటర్లు అపెన్నీను కొండల కింద సొరంగాలే. దాదాపు 35 నిమిషాలు కిటికీలో మా ముఖాలే కనిపించాయి. అమ్మ కాసేపు చూసి, “ఇంత డబ్బు పెట్టి చీకటి చూస్తున్నామా?” అని కళ్లు మూసుకుంది. పొద్దు మిగలాలంటే ఈ రైలే ఎక్కాలి, అందులో సందేహం లేదు. దారి కూడా యాత్రే అనుకునేవారు మాత్రం ప్రతి రెండు వేగపు ప్రయాణాలకు ఒక నెమ్మది ప్రయాణమైనా పెట్టుకోవాలని నా సలహా.

తిండి విషయంలో శాకాహారులకు పెద్ద ఇబ్బంది లేదు. స్టేషన్ బార్లలో, అంటే కాఫీ, ఫలహారాలు అమ్మే చోట్ల, టమాటా, మొజ్జరెల్లా పెట్టిన రొట్టెలు, ఉత్త ఫొకాచ్చా రొట్టె ఎప్పుడూ దొరుకుతాయి. రద్దీగా ఉండే చోట ముందు గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి, ఆ రసీదు చూపిస్తేనే కాఫీ ఇస్తారు. పెద్ద స్టేషన్లలో మరుగుదొడ్డికి డబ్బు చెల్లించాలి కనుక చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోవాలి.

వెనిస్ పేరుతో రెండు ప్రధాన స్టేషన్లు ఉన్నాయి, ఇది గుర్తుంచుకోవలసిన విషయం. మొదటిది వెనెత్సియా మెస్త్రే, అది నీళ్ల మధ్య ఉన్న వెనిస్ కాదు, ప్రధాన భూభాగం మీద ఉన్న ఊరు. తెరమీద వెనెత్సియా అని కనబడగానే మేమిద్దరం లేచి పెట్టెలు దించేశాము. ఎదుటి సీటులోని ప్రయాణికుడు చేయి అడ్డం పెట్టి, ఇంకొకటి ఉందని వేలు చూపించాడు. కూర్చున్న కొద్ది నిమిషాలకే రెండు వైపులా నేల మాయమై నీళ్లు వచ్చాయి. 222 కమానుల మీద మూడున్నర కిలోమీటర్లకు పైగా ఉప్పునీటి మడుగును దాటే ఈ రైలు వంతెనను 1846లో ప్రారంభించారు. సొరంగాల్లో పోయినదంతా ఈ కొద్ది నిమిషాల్లో తిరిగి వచ్చినట్టనిపించింది. శాంతా లూచియా బయట కాలువ ఒడ్డునే వపొరెత్తో పడవలు ఆగుతాయి. 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు ఖరీదే అయినా, పెట్టెలతో మెట్ల వంతెనలు ఎక్కి దిగడం కంటే 1వ నంబరు పడవలో కూర్చుని వెళ్లడమే అమ్మకు మేలయింది.

చివరి రోజు పాదువా వెళ్లాము. అక్కడి స్క్రోవెఞ్ఞీ చాపెల్‌లో 1305 నాటికి చిత్రకారుడు జోత్తో పూర్తిచేసిన గోడ చిత్రాలు చూడాలంటే ముందుగా సమయం బుక్ చేసుకోవాలి. గాలిలో తేమ సరిపడేదాకా ఒక గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టి, తరువాత 15 నిమిషాలు మాత్రమే లోపల ఉండనిస్తారు. అందుకే వెళ్లేటప్పుడు వేగంగా వెళ్లే రైలు ఎక్కి, గంట ముందే చేరాము. మంచం మీద ఉన్న ఆన్, అప్పుడే పుట్టిన కూతురు మేరీని (ఏసు తల్లిని) అందుకోవడానికి చేతులు చాచే చిత్రం దగ్గర అమ్మ తన పావుగంటలో ఎక్కువ భాగం నిలబడిపోయింది. తిరిగి స్టేషన్‌కు వచ్చేసరికి అరగంటలోపు వెనిస్ చేర్చే రైలు ఒకటి సిద్ధంగా ఉంది, అన్నిచోట్లా ఆగుతూ వెళ్లేది మరో 20 నిమిషాలకు ఉంది. నేను మొదటిదాని వైపు నడవబోతుంటే అమ్మ నా భుజం పట్టుకుని ఆపి, బోర్డు మీద రెండోదాన్ని చూపించింది. కిటికీ పక్కన కూర్చుని దోలో, మీరా అంటూ ఒక్కొక్క స్టేషన్ పేరూ కూడబలుక్కుని చదివింది. మెస్త్రేలో సగం బోగీ ఖాళీ అయినా, ఈసారి అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నీళ్లు ఏ వైపు ముందు కనిపిస్తాయో చూడమని నన్ను ఎదుటి కిటికీ దగ్గరికి పంపింది.