సీటు వాయిదా సర్వీసు: మెయిల్ భేష్, లోన్ సలహా వద్దు

డబ్బు సర్దుబాటు కాక అమెరికా ఎమ్మెస్ సీటును తర్వాతి ఇంటేక్‌కి (అడ్మిషన్ల విడతకి) జరుపుకునేవాళ్లకి నల్గొండలోని ఈ కన్సల్టెన్సీ సగం వరకే అక్కరకొస్తుంది.

సీటు వాయిదా వేయమని యూనివర్సిటీకి పంపే డిఫరల్ మెయిల్ చక్కగా రాసిస్తారు. అప్లికేషన్ నంబరు, ఏ సెమిస్టర్ నుంచి ఏ సెమిస్టర్‌కి, లోన్ ఆలస్యమన్న కారణం, అంతే. కష్టాలు ఏకరువు పెట్టరు. కట్టిన డిపాజిట్ కొత్త సెమిస్టర్‌కి జమవుతుందా, స్కాలర్‌షిప్ ఉంటుందా అని అందులోనే అడిగిస్తారు. మంచి పని, ఎందుకంటే సీటు నిలిచినంత మాత్రాన స్కాలర్‌షిప్ నిలవాలని లేదు.

వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కొత్తది వచ్చాకే చిక్కు. దాని మీద ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబరు (అమెరికా ప్రభుత్వ విద్యార్థి రికార్డు నంబరు) మారిందో లేదో చూడరు. మారితే పాత నంబరు మీద కట్టిన 350 డాలర్ల సెవిస్ ఫీజును కొత్త నంబరుకి బదిలీ చేయమని అడగొచ్చు. వీళ్లేమో మళ్లీ కట్టేయమంటారు! ఐఈఎల్‌టీఎస్ స్కోరుకి రెండేళ్లే గడువు, అదీ మీరే చూసుకోండి.

లోన్ దగ్గర మరీ తేలిక మాటలు. "పట్టాదారు పాస్‌బుక్ ఉందిగా, చాలు" అంటారు. దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి పొలం కాగితాలు పట్టుకొచ్చేవాళ్లకి ఆ మాటే ముంచుతుంది. విద్యా రుణానికి వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తాకట్టు పెట్టుకోవు. ఇల్లో ప్లాటో కావాలి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఇంటి పర్మిషన్ ఉండాలి. అనుమతి లేని లేఔట్ ప్లాటైతే బ్యాంకు లాయరు ఇచ్చే లీగల్ ఒపీనియన్‌లోనే ఫైలు ఆగుతుంది.

మెయిల్ పని వరకే ఫీజు మాట్లాడుకోండి. రసీదు అడిగితేనే ఇస్తారు.