హబుల్ రిపేర్ పనిముట్ల రివ్యూ: ప్లేటుకు నూటికి నూరు, బ్యాటరీకి మార్కుల కోత

హబుల్ అంతరిక్ష టెలిస్కోపులో కాంతిని రంగులుగా విడగొట్టి పరిశీలించే పరికరం స్టిస్ స్పెక్ట్రోగ్రాఫ్‌కు 2004లో పవర్ సప్లై పోయింది. ఆ సర్క్యూట్ బోర్డు మార్చడం తేలికే, దాని మీది మూత తీయడమే గండం. మూతకు 111 చిన్న స్క్రూలు. కక్ష్యలో విప్పాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి, వదులైన స్క్రూ వాషర్‌తో సహా తేలిపోతుంది. ఒక్కటి లోపలికి జారినా ముప్పే.

దీనికి నాసా చేయించిన క్యాప్చర్ ప్లేటు అద్భుతం. అదొక పారదర్శకమైన పలక, స్క్రూల మీదికి సరిగ్గా వచ్చేలా రంధ్రాలుంటాయి. స్క్రూ తిప్పే బిట్ (పనిముట్టు మొన) దూరుతుంది, స్క్రూ తల మాత్రం బయటికి రాదు. ముందు గైడ్ పోస్టులు పెట్టి, వాటి మీద ప్లేటు బిగించాలి. ఆపైన విప్పినవన్నీ దాని వెనకే ఉండిపోతాయి. చివర్లో మూతా ప్లేటూ కలిపి లాగేయడమే.

స్క్రూలు విప్పే మినీ పవర్ టూల్ కూడా మంచిదే. వ్యోమగాములు మామూలుగా వాడే పిస్టల్ గ్రిప్ టూల్ నిమిషానికి 60 చుట్లు తిరిగితే ఇది 210 తిరుగుతుంది. టార్క్ (తిప్పే బలం) తక్కువ కాబట్టి సన్న స్క్రూలు తెగవు. కానీ 2009 మే 17న అసలు పని మధ్యలో దీని బ్యాటరీ అయిపోయింది. వ్యోమగామి మైక్ మాసిమినో ఎయిర్‌లాక్ (షటిల్ నుంచి బయటికొచ్చే గది) దాకా వెళ్లి స్పేర్ తెచ్చుకోవాల్సి వచ్చింది. స్పేర్ పక్కనే ఉండాలి కదా!

అంతకుముందే ఇంకో చిక్కు. మూతకు అడ్డంగా ఉన్న చేతిపిడికి నాలుగే బోల్టులు. మూడు వచ్చాయి, నాలుగోదాని తల అరిగి బిట్ జారిపోతోంది. 111 స్క్రూలకు అంత ఏర్పాటు చేసి, దీనికి మాత్రం దారి ఆలోచించలేదు. భూమ్మీద నాసా గొడ్డార్డ్ కేంద్రం ఇంజనీర్లు అలాంటి పిడినే లాగి చూసి, 60 పౌండ్ల బలం, అంటే సుమారు 27 కిలోలు, చాలని తేల్చారు. ముక్కలు ఎగరకుండా టేపు చుట్టి, మాసిమినో చేత్తోనే పెరికేశాడు.

ఇంత జరిగాక అంతరిక్ష నడక 8 గంటల 2 నిమిషాలు పట్టింది, ఆరోజు వేయాల్సిన ఇన్సులేషన్ ప్యానెల్ మర్నాటికి వాయిదా పడింది. స్టిస్ మాత్రం బతికింది. కొత్త మూతకు 111 స్క్రూల బదులు రెండు లీవర్లు పెట్టారు. తిప్పితే చాలు, బిగుసుకుంటుంది.