ఆటోనగర్ వైపు బోరింగ్ హెడ్ కొనేవాళ్ళు జాగ్రత్త: షోకేసులో ఒకటి, డబ్బాలో ఇంకోటి

వైజాగ్‌లో ఇంట్లో బుల్లి మిల్లింగ్ మెషీన్ పెట్టుకున్నవాళ్ళకి ఆ షాపు పేరు చెప్పక్కర్లేదు. గాజువాక ఆటోనగర్ వైపు కొల్లెట్ కావాలన్నా, ఎండ్‌మిల్ కావాలన్నా అందరం పోయి పడేది అక్కడే. అక్కడ బోరింగ్ హెడ్ (మిల్లింగ్ మెషీన్ స్పిండిల్‌లో, అంటే తిరిగే ఇరుసులో పట్టించి, రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి పెద్దది చేసే పనిముట్టు) మాత్రం కొనకండి. కొనక తప్పదంటే ఇది మొత్తం చదివి, మీ డయల్ ఇండికేటర్ (ఎంత కదిలిందో ముల్లుతో చూపే కొలత గడియారం) మీరే పట్టుకెళ్ళి, కొలిచాకే డబ్బులు తీయండి.

సరుకేంటంటే 50 మి.మీ. హెడ్, ఎమ్‌టీ3 షాంక్ (స్పిండిల్‌లో దూరే, టేపర్‌గా సన్నబడే తోక), 12 మి.మీ. బ్రేజ్డ్ కార్బైడ్ (కొనకి కార్బైడ్ ముక్క అతికించిన) కోత బార్లు తొమ్మిది, ఒక చెక్కపెట్టె. 7,800 రూపాయలు. షాపువాడు అద్దాల బీరువాలోంచి ఒక పీసు తీసి చూపించాడు. బార్‌ని పట్టుకుని పక్కకి జరిగే స్లైడ్ ఎక్కడా పట్టకుండా కదిలింది, లాక్ వేస్తే డయల్ ముల్లు ఉన్నచోటే ఉంది. బాగుంది, ఇదే ఇవ్వమంటే "ఇది చేతులు పడ్డది సార్, లోపల సీల్ డబ్బా ఉంది, ఫ్రెష్ పీస్ ఇస్తా" అన్నాడు. ఫ్రెష్ అట. హార్బర్‌లో వంజరం కొంటున్నామా?

ఆ ఫ్రెష్ పీస్ ఒక మోటార్ ఎండ్ కవర్‌ని మింగింది. 6204 బేరింగ్ కూర్చునే బోరు అది. బేరింగ్ బయటి వ్యాసం 47 మి.మీ., బోరుకి హెచ్7 (ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పే గ్రేడు) అనుకుంటే 47.000 నుంచి 47.025 లోపల ఆగాలి. స్లైడ్ సరిగ్గా సెట్ చేసి, లాక్ వేసి కోస్తే వచ్చింది 47.15. బేరింగ్ బయటి రింగు చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతోంది. ఇప్పుడు ఆ కవర్‌ని ఇంకా పెద్దగా బోర్ చేసి బుష్ కొట్టాలి, అది కూడా ఈ దరిద్రపు హెడ్‌తోనే.

ఎందుకిలా అయిందో చెప్తాను, ఎందుకంటే షాపువాడు మీకూ కథలే చెప్తాడు. హెడ్ పక్కన మూడు గ్రబ్ స్క్రూలుంటాయి. చివరి రెండూ గిబ్‌ని (స్లైడ్ లూజు లేకుండా పక్కన ఆనే సన్నటి పట్టీ) సర్దడానికి, నడిమిది లాక్. నడిమి స్క్రూ కొన కరెక్ట్‌గా గిబ్ మీదున్న చిన్న గుంటలో దిగాలి. ఇందులో ఆ గుంట అర మి.మీ. పక్కకి ఉంది. బిగించేసరికి స్క్రూ కొన గుంట ఏటవాలు మీద ఎక్కి గిబ్‌ని పొడుగునా నెడుతుంది, గిబ్ తనతో పాటు స్లైడ్‌ని లాక్కుపోతుంది. స్లైడ్‌ని జరిపే లీడ్ స్క్రూలో లూజు ఉంది కాబట్టి ఆపేది ఏదీ లేదు. ఇది చాలదన్నట్టు గిబ్‌కి డవ్‌టెయిల్ (స్లైడ్ జారే ఏటవాలు గాడి) కోణం కుదరలేదు. నీలం రంగు పూసి చూస్తే పై అంచున సన్నటి గీత ఒక్కటే అంటింది, మిగతాదంతా ఖాళీ. అంటే లాక్ వేసినప్పుడు స్లైడ్ జరగడమే కాదు, కాస్త వాలుతుంది కూడా. బార్ 80, 90 మి.మీ. కిందకి వేలాడుతుంటే ఆ వాలు కొనదగ్గర ఇంకా పెరుగుతుంది.

డయల్ పెట్టి చూస్తే లాక్ బిగించే కొద్దీ ముల్లు గీతలు గీతలుగా నడిచింది. ఒకసారి 0.04, ఒకసారి 0.07. ఎప్పుడూ ఒకేలా తప్పితే లెక్కేసుకుని సర్దుకోవచ్చు, తప్పడంలో కూడా నిలకడ లేదు. స్లైడ్ 0.07 జరిగితే బోరు 0.14 పెరుగుతుందని వేరే చెప్పక్కర్లేదు.

హెడ్, డయల్, డ్రిల్ వైస్ అన్నీ పట్టుకెళ్ళి కౌంటర్ మీదే చూపించాను. షాంక్‌ని వైస్‌లో పట్టించి, స్టాండ్ వైస్‌కే అంటించి, ప్లంజర్‌ని బార్‌కి ఆనించి, అలెన్ కీ అతని చేతికే ఇచ్చాను. అతనే తిప్పాడు. ముల్లు ఆరు గీతలు పోయింది. ముల్లు వైపు చూడనైనా చూడలేదు మహానుభావుడు. లాక్ వదులు చేసి, బొటనవేలితో స్లైడ్‌ని అటూ ఇటూ తోసి, "ఫ్రీగానే కదుల్తంది కదండీ" అన్నాడు. లాక్ గురించి అడుగుతుంటే ఫ్రీ గురించి చెప్తాడు. సరే, బీరువాలో పీసు ఇచ్చి ఇది తీసుకోమన్నాను. "అది షోకేస్ పీస్ సార్, అమ్మకానికి కాదు." మరి ఆ రోజు చేతికిచ్చి కొలిపించింది దేన్ని? దానికి జవాబు లేదు. పక్కన ఎండ్‌మిల్లులు ఏరుకుంటున్న ఒకాయన్ని చూసి నవ్వుతూ, "ఏటండి బాబూ, ఇంట్లో ఆడుకునే మెషీన్‌కి ఇంతకంటే ఏటి కావాలి?" అన్నాడు. డబ్బు పోయినదానికంటే ఆ నవ్వే ఇంకా మండుతోంది. 7,800 తీసుకునేటప్పుడు ఆ మెషీన్ ఆటబొమ్మలా కనబడలేదు కాబోలు.

తర్వాత మొదలయ్యాయి సాకులు. మొదటిది "మీ మెషీన్ ట్రామ్ తప్పి ఉంటుంది." ట్రామ్ తప్పితే, అంటే స్పిండిల్ కిందకి దిగే దారికి స్పిండిల్ సూటిగా లేకపోతే, బోరు కోడిగుడ్డులా అవుతుంది. తప్పింది ఎక్కువైతే రెండు దిక్కుల్లో కొలిస్తే తేడా తెలిసిపోతుంది. నాకు వచ్చిన బోరు అన్ని వైపులా 47.15, గుండ్రంగానే ఉంది. రెండోది "వేడికి పెరిగుంటుంది." కవర్ అల్యూమినియం, 10 డిగ్రీలు వేడెక్కితే 47 మి.మీ. మీద పెరిగేది 0.01. కొలిచింది పూర్తిగా చల్లారాక. పైగా వేడి మీద కొలిస్తే చల్లారాక బోరు తగ్గాలి గానీ పెరగదు. మూడోది "చిన్న మెషీన్, వణుకుతుంది." వణుకు నిజమే, బార్ బయటికి జరిగే కొద్దీ హెడ్ బరువు ఒక పక్కకి పోతుంది, అందుకే 300 ఆర్‌పీఎమ్ దాటించలేదు, ఆ సైజులో అల్యూమినియానికి నిమిషానికి 44 మీటర్లు వస్తుంది, చాలు. కానీ కౌంటర్ మీద స్పిండిల్ తిరగడం లేదు కదా బాబూ!

హెడ్ మీదున్న స్కేలు ఇంకో మోసం. 50 గీతలు, ఒక గీతకి బోరు 0.02 పెరుగుతుందని చెప్పాడు, పెట్టె మీద కూడా "0.01" అని అచ్చేసి ఉంది. ఒక చుట్టు తిప్పి కొలిస్తే స్లైడ్ నిండా 1 మి.మీ. జరిగింది. అంటే గీతకి స్లైడ్ 0.02, బోరు 0.04. అతని మాట నమ్మి 46.70 దగ్గర నుంచి 47కి వెళ్దామని 15 గీతలు తిప్పారనుకోండి, 47.30కి చేరతారు. ఏ కొత్త హెడ్‌కైనా ఇది ముందు డయల్ పెట్టి చూసుకోండి, గీత స్లైడ్‌కా వ్యాసానికా అన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది.

షాంక్ వెనక మర ఎమ్12 అని చెప్పి ఇచ్చింది 3/8 అంగుళం. మన డ్రాబార్ (షాంక్‌ని స్పిండిల్‌లోకి లాగి పట్టే పొడుగు బోల్టు) అందులో దూరదు, కొత్తది చేయించుకున్నాను. "డ్రాబార్ లేకపోయినా పర్లేదు, చెక్క సుత్తితో ఒక్కటి కొట్టండి, టేపర్ పట్టేస్తుంది" అని సలహా ఇచ్చాడు అక్కడి కుర్రాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. డ్రిల్ చక్‌కి ఒత్తిడి ఎప్పుడూ పైకే కాబట్టి అది చెల్లుతుంది. బోరింగ్‌లో పక్క ఒత్తిడి, పైగా వణుకు. టేపర్ ఊడితే తిరుగుతున్న హెడ్ వచ్చి మీ చేతి మీద పడుతుంది.

బార్ల గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిదింట్లో రెంటికి బ్రేజింగ్ కింద ఖాళీ కనిపిస్తోంది. చిన్నవాటికి మడమ (కోసే అంచు వెనక భాగం) దగ్గర క్లియరెన్స్ లేదు, 20 మి.మీ. బోరులో అంచు కోయకముందే మడమ రాసుకుంటుంది. గ్రైండింగ్ చేస్తే ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ రాయి మీదే చేయండి, మామూలు బూడిదరంగు రాయికి కార్బైడ్ లొంగదు. వేడెక్కిందని నీళ్ళలో ముంచితే పగుళ్ళు ఇస్తుంది. గ్రీజు తుడిస్తే డవ్‌టెయిల్ మూలల్లో తుప్పు కూడా ఉంది. మన సముద్రపు గాలికి ఎన్నాళ్ళు ఆ గోడౌన్లో మూలిగిందో ఈ "ఫ్రెష్" పీసు.

బిల్లు సంగతా? "జీఎస్టీ 18 శాతం ఎందుకు సార్ మీకు దండగ" అని కచ్చా చీటీ రాశాడు. 1,404 మిగిలిందని మనకీ సంబరమే. ఆ సంబరం ఖరీదు ఇప్పుడు తెలుస్తోంది.

సరే, కొనేవాళ్ళకి: కొలిచిన పీసే చేతిలో పట్టుకుని బయటికి రండి, సీల్ డబ్బా మాటే వినకండి. లాక్ వేస్తే ముల్లు 0.01 దాటి కదిలితే అక్కడే వదిలేయండి. డ్రాబార్ వెంట తీసుకెళ్ళి షాంక్‌లో తిప్పి చూడండి. పక్కా బిల్లు అడగండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడమూ రెండూ అనుచిత వ్యాపారమే. వెనక్కి తీసుకునే గడువు బిల్లు మీద రాయకపోతే 30 రోజులు లెక్క. ఫిర్యాదుకి హెల్ప్‌లైన్ 1915. నేను ఆ నంబరుకి చేశాను, కచ్చా చీటీ ఫొటో పంపాను.

ఇప్పటికే అదే హెడ్ కొని ఇరుక్కున్నవాళ్ళు పారేయకండి. గిబ్‌ని సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా చదునైన పలక) మీద 400 ఎమెరీ కాగితంతో చదును చేసి, నీలం పూసి, అంటు మొత్తం మీద వచ్చేదాకా రుద్దండి. తర్వాత గిబ్‌ని దాని చోట పెట్టి, చివరి రెండు స్క్రూలూ బిగించి, నడిమి స్క్రూ తీసేసి, ఆ రంధ్రంలోంచే మర తగలని సైజు డ్రిల్ దించి గుంట కొత్తగా వేయండి. స్క్రూ కొనకి, గిబ్‌కి మధ్య చిన్న ఇత్తడి ముక్క వేస్తే ఇంకా మంచిది. నా దాంట్లో ఇప్పుడు ముల్లు 0.01 లోపలే ఆగుతోంది.